విమానానికి ఏం తాగించాలి

ఇప్పలగుంపు,
దుమ్ముగూడెం మండలం, ఖమ్మం జిల్లా.
9 మార్చి 2008

నా పేరు సోడె భీమక్క. వయసు డెబ్బై, ఒకటి రెండు అటూ ఇటూ. భర్త లక్ష్మయ్య కాలం చేశాడు. ఇంట్లో నేను, చిన్నకొడుకు ముత్యాలు, నాలుగు మేకలు, ఒక కుక్క. ఊరి పడమట గుట్ట కింద నాకు రెండెకరాల బీడు ఉంది.

ఇట్లా మొదలుపెట్టానని నవ్వకు తమ్ముడూ. పోయిన నెల పోడు పట్టాల కోసం కాగితాలు రాయించినప్పుడు ముందు పేరు, వయసు, ఇల్లు, తర్వాత సంగతి, చివర వేలిముద్ర, సాక్షులు అని చెప్పారు. కాగితం అంటే నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. రాస్తున్నది మా పక్కింటి గ్రేస్ టీచరమ్మ. మన కోయ మాట రాయడం ఆమెకు రాదు కాబట్టి తెలుగులో చెబుతున్నాను. ముత్యాలుకు అయిదో తరగతి చదువు ఉంది, కానీ వాడి గురించిన కాగితం వాడితోనే ఎట్లా రాయించను?

సంగతి ఇది. శివరాత్రి నాడు నువ్వు ఖమ్మం నుంచి రెక్కలు విప్పి సంచిలో చుట్టిన బొమ్మ విమానం తెచ్చావు. నా బీడులో ఎగరేశావు. అరవై నాలుగేళ్లవాడివి చేతిలో రేడియో డబ్బా పట్టుకుని మబ్బులోకి నోరు తెరిచి చూస్తుంటే ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. మేకలు గుట్టెక్కి పొద్దుగూకే దాకా దిగలేదు. అదీ పోనీ అన్నాను.

పోతూ పోతూ నా వడ్ల గుమ్మి పక్కన రెండు డబ్బాలు పెట్టావు. ఏందిరా ఇవి అంటే విమానం తాగే నూనె అన్నావు, స్పిరిట్టులో ఆముదం కలిపిందన్నావు. మనిషి తాగితే ఏమైతదని అడిగాను. "ముందు కండ్లు పోతయ్ అక్కా, ఎనక పానం పోతది" అన్నావు. నవ్వుతూ అని బస్సెక్కావు.

ఆ పూట నుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. ముత్యాలు ఎట్లాంటివాడో నీకు తెలుసు. పని చేస్తే ఎద్దులా చేస్తాడు. పొద్దు వాలితే వాసన ఎటు వస్తే అటు నడుస్తాడు. పెద్దవాణ్ని జ్వరం తీసుకుపోయాక నాకు మిగిలింది వీడొక్కడు. ఇప్పుడు ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లారకముందే అడవికి పోవాలి. పోయినదాన్ని సగం దారిలో మళ్లి వచ్చి డబ్బాలు ఎత్తి చూస్తున్నాను, బరువు తగ్గిందా అని.

అందుకని నా మాట విను. వచ్చే నెల భూమి పండుగ లోపల ఆ డబ్బాలు నా ఇంట్లోంచి పోవాలి. విమానానికి వేరే తిండి చూడు. కరెంటుతో ఎగిరేవి కూడా ఉన్నాయట, గ్రేస్ తమ్ముడు విజయవాడలో చూశాడట. విమానం నీది, అది ఏం తాగాలో చెప్పేది నువ్వే. బీడు మాత్రం నాది.

ఇంకో మాట. ఆముదమే కావాలంటే నేను వండింది ఒక సీసా ఇస్తానన్నాను. మూత తీసి వాసన చూసి పనికిరాదన్నావు. చిన్నప్పుడు నీ మాడుకు అంటింది ఆ ఆముదమే.

నీ అక్క భీమక్క వేలిముద్ర.
రాసినది: గ్రేస్.

*

ఖానాపురం హవేలి, ఖమ్మం.
18 మార్చి 2008

అక్కకు తమ్ముడు భద్రయ్య దండాలు.

ఉత్తరం అందింది. నీ కోపం ఎక్కడిదో చివరి నాలుగు వరుసల్లో దొరికింది. నీ ఆముదాన్ని నేను తక్కువ చెయ్యలేదు. నువ్వు గింజలు వేయించి, దంచి, నీళ్లల్లో ఉడికించి పైన తేలింది తీస్తావు. అందులో ఎంత లేదన్నా నీటి చెమ్మ మిగులుతుంది. ఆ ఇంజనులో నిప్పు పుట్టించేది సన్నటి తీగచుట్ట. చెమ్మ తగిలితే ఆరిపోతుంది, విమానం గాలిలో ఉండగానే ఆగిపోతుంది. గానుగలో పచ్చిగా ఆడించిన ఆముదమే దానికి పడుతుంది. తలకు మాత్రం నీదే మేలు.

ఇక తిండి సంగతి. ఇలాంటి విమానాలకు మూడు దారులు ఉన్నాయి. ఒకటి నేను వాడుతున్న స్పిరిట్టు. రెండోది పెట్రోలు. దానికి పెద్ద ఇంజను కావాలి, నా విమానం ఆ బరువు మొయ్యదు. మూడోది బ్యాటరీ. ఎనిమిది నిమిషాలు ఎగిరితే దిగాలి, మళ్లీ గంట సేపు చార్జింగు పెట్టాలి. మీ గుంపులో కరెంటు ఎప్పుడు ఉంటుందో కరెంటుకే తెలియదు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు గాని, ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు నేను చేసిన పని విమానాలకు నూనె పొయ్యడమే. ఒక్కనాడూ ఎగరలేదు. నేను గొట్టం తీసి పక్కకు జరిగాకే అవి కదిలేవి. ఇప్పుడు చేతిపంపు తిప్పి ఆ చిన్న ట్యాంకు నింపి, గొట్టం తీసి, నా చేత్తోనే దాన్ని పైకి పంపుతున్నాను. ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు నలభై ఏళ్లు తగ్గుతాయి.

డబ్బాలు ఇక్కడ పెట్టుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోడు. ప్రతిసారీ బస్సులో తెస్తే కండక్టరు దింపేస్తాడు. అందుకే నీ దగ్గర పెట్టాను. నీ భయం నిప్పు గురించే అయితే ఈ ఆదివారం ఇనప పెట్టె తెచ్చి అందులో పెట్టి తాళం వేస్తాను. డబ్బాల మీద ఎర్ర అక్షరాలతో విషం అని రాసి పుర్రె బొమ్మ కూడా వేస్తాను. అప్పుడు ఎవ్వరూ ముట్టరు.

పండుగకు బీడు కావాలంటే వాడుకో. నా దగ్గర నేర్చుకునే కాలేజీ పిల్లలు అయిదుగురు ఎగరేయడానికి వస్తామంటున్నారు, వాళ్లను పండుగ అయ్యాక తెస్తాను.

ఇట్లు,
కుర్సం భద్రయ్య.

*

ఇప్పలగుంపు.
2 ఏప్రిల్ 2008

భద్రయ్యా,

నీ ఉత్తరాన్ని గ్రేస్ రెండుసార్లు చదివింది. నేను కొడుకు గురించి చెబితే నువ్వు ఆముదం గురించి రాశావు. నేను బీడు అడిగానా? డబ్బాలు తీసెయ్యమన్నాను. పండుగ లోపల అన్నాను.

నేను ఇప్పపువ్వుకు పోయిన పూట వచ్చి నీ పెట్టె పెట్టి, బొమ్మ వేసి, తాళం బిగించి, ఒక చెవి ముత్యాలు చేతికే ఇచ్చి అమ్మకు ఇయ్యమన్నావు. వాడు ఇచ్చాడు, ఆ మాట వేరు. అది ఇప్పుడు నా మెడలో తాడుకు ఉంది, పండుకుంటే రొమ్ముకు గుచ్చుకుంటుంది. కానీ నువ్వు పుర్రె గీస్తుంటే పక్కన నిలబడి చూసినవాడి మొహం చూశావా? నేను రాగానే వాడు చెప్పిన మొదటి మాట ఇది: "అమ్మా, మామ పుర్రె బొమ్మ గూడ ఏసిండు. గంత మంచిదా అది?"

నువ్వు సర్కారు విమానాలకు నూనె పోసి పోసి ఊరు మరిచిపోయావు. ఎక్సైజు వాళ్లు జీపు దిగితే బొజ్జయ్య ఏం చేస్తాడో తెలియదా? నా మరిది వరస బొజ్జయ్యే, సారా కాచేవాడు. మొదటి పాళ్లు, అన్నిటికన్నా మంచిది, పురుగుమందు డబ్బాలో పోసి దాస్తాడు. వచ్చినవాళ్లు పుర్రెను చూసి ముట్టకుండా పోతారు. పదేళ్లుగా ఈ గుంపులో పుర్రె ఉన్న డబ్బా అంటే చుట్టానికి పోసే సరుకు. నువ్వు కాపలా పెట్టాననుకున్నావు, బోర్డు కట్టి పిలిచావు.

కరెంటు లేదన్నావు. నేను ఊరికే కూర్చోలేదు, అడిగి వచ్చాను. బడి మీద సోలారు పలక ఉంది, ఆదివారం దానితో పని లేదని గ్రేస్ అంటుంది. అవతలి తండాలో భీమ్లా ట్రాక్టరు ఉంది, ఆ బ్యాటరీతో నీ చిన్న బ్యాటరీ నింపుకోవచ్చా? అవుతుందో కాదో రాయి. ఒక్క ముక్క చాలు. ఆముదం గురించి రాయకు.

పండుగ దగ్గరికొచ్చింది. నా మనసు మనసులో లేదు.

భీమక్క వేలిముద్ర.
(నేను కూడా చెబుతున్నాను బాబాయ్, అవి తీసుకుపోండి. ఆమె రోజుకు పదిసార్లు పెట్టె తట్టి చూస్తుంది. – గ్రేస్)

*

ఖానాపురం హవేలి.
11 ఏప్రిల్ 2008

అక్కకు,

ఊరు మరిచిపోయానన్నావు. పట్నంలో ఇల్లు కిరాయికి తీసుకున్నంత మాత్రాన మరిచిపోతానా? భార్య పోయాక ఈ రెండు గదుల్లో నేను ఎవరితో మాట్లాడుతున్నానో నువ్వు అడగలేదు. నెలకోసారి వచ్చి బీడులో నిలబడితే అదీ బరువైందా? ముత్యాలు పేర బీడుకు పట్టా రాయించుకుంటున్నట్టున్నావు. నేను అడ్డం అనుకుంటే సూటిగా చెప్పు.

నువ్వు అడిగినదానికి జవాబు: అవుతుంది. ట్రాక్టరు బ్యాటరీతో ఆ చిన్న బ్యాటరీ నిండుతుంది, దానికి వేరే చార్జరు వస్తుంది. కాలేజీ పిల్లలు ఇప్పుడు అదే వాడుతున్నారు. లిథియం అంటారు, తేలిక, వాసన లేదు, నూనె మరకలు లేవు. కానీ ఆ విమానం నాకు వద్దు. మీట నొక్కితే ఎగురుతుంది, మీట వదిలితే దిగుతుంది. దానికి పొయ్యడానికి ఏమీ లేదు. నేను అక్కడ చెయ్యడానికి కూడా ఏమీ లేదు. చప్పుడు లేని ఆ విమానం నాకు ప్రాణం లేనిదిలా కనిపిస్తుంది.

ముత్యాలుకు నలభై ఏళ్లు. వాణ్ని ఇంకా చంకనేసుకుని తిరుగుతున్నది నువ్వే. విషం అని రాసింది చదివే తెలివి వాడికి ఉంది.

నీ నెమ్మది కోసం ఇంకొకటి చెబుతున్నాను. రెండో తాళంచెవి నీ తలుపు పైన దూలం సందులో పెట్టాను. ఎప్పుడైనా ఇల్లు అంటుకుంటే, మెడలోది తియ్యడం కుదరకపోతే, అది తీసి డబ్బాలు బయటికి తియ్యి. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు.

పండుగ అయిన వారం వస్తాను.

భద్రయ్య.

*

భద్రాచలం, దవాఖానా వరండా.
20 ఏప్రిల్ 2008

భద్రయ్యా,

పేరూ వయసూ చెప్పే తీరిక లేదు. గ్రేస్ బడికి సెలవు పెట్టి నా కోసం వచ్చింది, ఒడిలో కాగితం పెట్టుకుని రాస్తున్నది.

నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు అని రాశావు. నాకు చదువు రాదు కదరా. నాకు వచ్చిన ఉత్తరం అరుగు మీద చదువుతారు. గ్రేస్ చదువుతుంటే ముత్యాలు గడప మీద కూర్చుని గంప అల్లుతున్నాడు, బొజ్జయ్య చుట్ట కోసం వచ్చి నిలబడ్డాడు, ఇంకా నలుగురు ఉన్నారు. దూలం సందు అనగానే గ్రేస్ నోరు మూసుకుంది. అప్పటికే అందరూ తలెత్తి దూలం చూశారు. చదువు లేనిదానికి ఉత్తరం రాస్తే ఊరికి రాసినట్టే. అప్పుడే ఆ చెవి తీసి గోదాట్లో పారెయ్యాల్సింది. మర్నాడు నిచ్చెన వేసి వెతికించాను, దొరకలేదు. ఎలక లాక్కుపోయిందన్నాడు ముత్యాలు.

మొన్న శుక్రవారం, పండుగ ముందు రోజు, నేను ఇప్పపువ్వు అమ్ముకోవడానికి దుమ్ముగూడెం పోయాను. మిట్టమధ్యాహ్నం ముత్యాలు, బొజ్జయ్య ఆ చెవితోనే పెట్టె తెరిచారు. దొంగతనంగా కాదు, పండుగకు చనిపోయిన పెద్దలకు చుక్క వెయ్యడానికి తీస్తున్నామని నలుగురిలో చెప్పి తీశారు. పెద్దలకు పోసే సారా ముందు నిప్పు మీద చూడాలి. మంట పట్టని సారా పెద్దలకు పొయ్యరు, అది నీకు గుర్తుండాలి. బొజ్జయ్య ఇంటి ముందు బండ మీద ఇంత పోసి అగ్గిపుల్ల వేశాడు. నీలం మంట రాలేదు. ఏ మంటా కనబడలేదు. ఇంకో పుల్ల వేశాడు. "మంటే లేదు. నీళ్లు గలిపిండు మీ మామ" అని, చేత్తో రాసి చూద్దామని అరచెయ్యి బండ మీద ఆనించాడు.

మంట అక్కడే ఉందట. ఎండలో కనబడలేదంతే. తోలు ఊడి వచ్చింది. కనుబొమలు కాలాయి. ముత్యాలు తడి గోనె తెచ్చి కప్పి ఆర్పాడు. సైకిలు మీద దుమ్ముగూడెం, అక్కడి నుంచి ఆటోలో ఇక్కడికి తెచ్చాడు. నేను దుమ్ముగూడెంలోనే ఎదురుపడి అదే ఆటో ఎక్కాను.

బొజ్జయ్య చెయ్యి మానుతుందన్నారు. నా గోడు అది కాదు. బొజ్జయ్య పుల్ల గీసేలోపల ముత్యాలు ఏం చేశాడు? వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నానంటాడు, అంతే అంటాడు. వాడు అంతే అన్నప్పుడల్లా అంతకన్నా ఎక్కువే ఉంటుంది, నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఒక్క గుక్క తాగినా కళ్లు వెంటనే పోవట, ఒకటి రెండు రోజులు పడుతుందని డాక్టరు చెప్పాడు. మంచం మీద పండుకోబెట్టి రక్తం తీశారు. నేను మంచం చుట్టూ తిరుగుతున్నాను. కూర్చోమని నర్సమ్మ రెండుసార్లు కసిరింది. ఘడియకోసారి వేళ్లు చూపించి ఎన్ని అని అడుగుతున్నాను.

"నాలుగు. అమ్మా, నువ్వు ఎప్పుడు అడిగినా నాలుగే సూపిస్తున్నవ్. కండ్లు మూసుకొని గూడ చెప్త."

అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు రెండు చూపిస్తాను, మూడు చూపిస్తాను.

రేపటికి తెలుస్తుంది.

వేలిముద్రకు సిరా లేదు.
రాసినది: గ్రేస్.

*

ఖానాపురం హవేలి.
27 ఏప్రిల్ 2008

అక్కకు,

నీ ఉత్తరం ఇరవై మూడున అందింది. ఆ బస్సుకే భద్రాచలం వచ్చాను. మీరు ముందురోజే వెళ్లిపోయారని చెప్పారు. బొజ్జయ్య ఒక్కడే ఉన్నాడు, చేతికి కట్టుతో. ముత్యాలుకు ఎట్లా ఉందని అడిగితే "మీ అక్క నీ మీద కాయితం రాయిస్తది. సాక్షిని నేనే" అన్నాడు. ఇంక అడగడానికి నాకు నోరు రాలేదు.

మీ ఊరి బస్సు ఎక్కలేకపోయాను. గోదావరి బ్రిడ్జి దాటి, బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర టీ కొట్టు ముందు చాలాసేపు నిలబడి, ఖమ్మం బస్సు వస్తే ఎక్కేశాను. పిరికితనమే.

పోలీసు స్టేషనులో ఇచ్చే కాగితమే అయితే నేను అడ్డం చెప్పను. ఎక్కడ రమ్మంటే అక్కడికి వస్తాను. ఒక సంగతి నువ్వు అందులో రాయించలేవు, నీకు తెలియదు కాబట్టి. ఆ స్పిరిట్టు మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. నాకు తెలుసు. ఇరవై ఏళ్లు నిప్పు కూడదు అనే బోర్డు కింద పనిచేశాను. డబ్బా మీద తాగొద్దని రాశాను, నిప్పు సంగతి రాయలేదు. నువ్వు మొదటి ఉత్తరంలోనే ముత్యాలు గురించి చెప్పావు. ఇప్పుడు మళ్లీ తీసి చదివితే ఆముదం మాట చివర ఎక్కడో ఉంది. నాకు వినబడిందే విన్నాను.

ఇంజన్లు, రేడియో, విమానం అన్నీ కాలేజీ పిల్లలకు ఇచ్చేస్తున్నాను. ఇక ఎగరెయ్యను. మిగిలిన డబ్బాల కోసం ఎవరినైనా పంపుతాను.

ముత్యాలు కళ్లు ఎట్లా ఉన్నాయి? తిట్టినా సరే, అదొక్కటి రాయించు.

భద్రయ్య.

*

ఇప్పలగుంపు.
4 మే 2008

నా పేరు సోడె భీమక్క. వయసు డెబ్బై. ఇంట్లో నేను, కొడుకు ముత్యాలు. ఈ కాగితం నలుగురి ముందు, గ్రేస్ ఇంటి అరుగు మీద చెబుతున్నాను. ఎవరూ లేనప్పుడు చెబితే దీనికి విలువ లేదు.

బొజ్జయ్య చెప్పింది నిజమే, కాగితం రాయిస్తానన్నాను. అది భద్రయ్య మీద కాదు, నా మీద.

శివరాత్రి నాడు తమ్ముడు బస్సెక్కి పోయాక ముత్యాలు వచ్చి డబ్బాల్లో ఏముందని అడిగాడు. విషం అంటే వాడు నమ్మడు. దాచిన ప్రతిదాన్నీ నేను విషం అనే అంటాను, నలభై ఏళ్లుగా అంటున్నాను. అందుకని వేరేగా చెప్పాను. "అది మీ మామ తెచ్చిన మిలిటరీ సారా. భూమి పండుగకు పెద్దలకు పొయ్యడానికి. అందాక ముడితే పెద్దలు ఊకోరు" అన్నాను. గ్రేస్ దండెం మీద బట్టలు ఆరేస్తూ విన్నది. బొజ్జయ్య విన్నాడు. పెద్దలకు పెట్టినదాన్ని మా వాడు ముట్టడు, తాగుబోతే గాని అంత భయం ఉంది. పండుగ లోపల తమ్ముడు వచ్చి తీసుకుపోతాడు, నా అబద్ధం నాతోనే పోతుంది అనుకున్నాను.

తమ్ముడు తియ్యలేదు. పండుగ వచ్చింది. వాళ్లు నా మాట నమ్మారు. నేను చెప్పిన రోజుకు, నేను చెప్పిన పనికే పెట్టె తెరిచారు. ప్రతి ఉత్తరంలోనూ పండుగ లోపల, పండుగ లోపల అని మొత్తుకున్నాను గాని ఎందుకో చెప్పలేదు. పెద్దల పేరు పెట్టి అబద్ధమాడానని చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుకు బొజ్జయ్య చెయ్యి కాలింది. పెద్దలకు కోడిని కోసి తప్పు ఒప్పుకున్నాను. ఊరికి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. భద్రయ్యా, నువ్వు నిప్పు సంగతి దాచావు, నేను పండుగ సంగతి దాచాను. నీ తప్పు నీ మీద ఉంచుకో, నాది కూడా ఎత్తుకుపోవాలని చూడకు.

ముత్యాలు నిజంగానే వేలు నాకాడంతే. జన్మలో ఒక్కసారి వాడు అంతే అన్నది అంతే అయింది. తాగడం మానలేదు. మానతాడని ఈ కాగితంలో రాయించను.

ఇప్పుడు నీ సంగతి. ఎగరెయ్యొద్దని నేను ఎప్పుడన్నాను? ఏ కాగితంలో అన్నాను? గ్రేస్ నీ ఉత్తరాలు, నేను చెప్పినవి అన్నీ మళ్లీ చదివింది, ఎక్కడా లేదు. విమానం ఏం తాగాలన్నదే మనిద్దరి పేచీ. అడిగినదొకటి, వదిలేసిందొకటి. రాయమంటే చించేసే గుణం నీకు చిన్నప్పటి నుంచి ఉంది.

చప్పుడు లేకపోతే ప్రాణం లేదన్నావు. ప్రాణం ఎక్కడ ఉంటుందో నేను రెండు రోజులు మంచం చుట్టూ తిరిగి చూశాను. నీకు పొయ్యడానికి ఏమీ ఉండదని దిగులైతే, భీమ్లా ట్రాక్టరు బీడు దాకా వస్తుంది, బ్యాటరీ దగ్గర నువ్వే కూర్చుని నింపు. గంట పడుతుందన్నావు కదా. ఆ గంటా నాతో మాట్లాడు. మీ వదినె పోయాక గదుల్లో ఎవరితో మాట్లాడుతున్నావో అడగలేదన్నావు, ఇప్పుడు అడుగుతున్నాను.

(మీ భార్య ఆమెకు మరదలు అవుతుంది గాని వదినె కాదు, నేను చెప్పాను. తనకు తెలుసునట, కోపంలో అట్లనే రాయమంది. – గ్రేస్)

డబ్బాలకు ఎవరినీ పంపకు. ఇక్కడ ఎవరూ వాటిని ముట్టరు, నేనూ ముట్టను. అందాకా పెట్టె ముందు మంచం వేసుకుని పండుకుంటున్నాను. నువ్వే వచ్చి నీ చేతులతో తీసుకుపోవాలి. వచ్చే ఆదివారం రాకపోతే నేనే పెట్టె నెత్తికెత్తుకుని ఖానాపురం హవేలి వస్తాను. మీ ఓనరు సంగతి నేను మాట్లాడతాను.

చెప్పింది చెప్పినట్టు రాశారని చదివించుకుని ఒప్పుకున్నాను.

సోడె భీమక్క, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
1. గ్రేస్, టీచరు. రాసినదీ నేనే.
2. బొజ్జయ్య. కుడిచేతికి కట్టు ఉన్నందున ఎడమచేతి వేలిముద్ర.
3. సోడె ముత్యాలు. మొత్తం నేనే చదువుకొని సంతకం చేసిన. అచ్చరాలు మంచిగ కనపడుతున్నయ్ మామా. జల్దీ రా, ఈమె నాతోని ఇంక వేళ్లు లెక్కబెట్టిస్తనే ఉన్నది.